తీర్పు రోజు కుడుములు

ఆ శుక్రవారం తెల్లవారకముందే లేచి, యోన్సిల్ తనకు బొత్తిగా ఇష్టం లేని పండక్కి కుడుములు వండటం మొదలుపెట్టింది. నానబెట్టిన బియ్యాన్ని మొగుడు జోంగ్మన్ మరలో పోసి పిండి పట్టిస్తున్నాడు. ఆమె ఆ తడిపిండిని జల్లించి, చెక్క పెట్టెల్లోకి ఎత్తి, ఆవిరి మీదికి ఎక్కిస్తోంది. మార్చి వచ్చినా దేగు బజారును చలి వదల్లేదు. పొయ్యి దగ్గర ముఖం కాలుతోంటే, గుమ్మం వైపున్న వీపు గడ్డకడుతోంది.

దేశమంతా ఆ ఉదయం కోసమే కాచుకుని ఉంది. అధ్యక్షురాలిని పార్లమెంటు డిసెంబరులోనే అభిశంసించింది. ఆమెను పదవిలో ఉంచాలా, దించాలా అన్నది సియోల్‌లోని రాజ్యాంగ న్యాయస్థానం కాసేపట్లో తేల్చబోతోంది. దేగు ఆమె పుట్టిన ఊరు. బజారులో పది కొట్లుంటే తొమ్మిదింటి వాళ్ళు ఆమె మీద ఈగను వాలనివ్వరు. కేసు కొట్టేస్తారన్న ధీమా ఎంత ముదిరిందంటే, వర్తక సంఘం చైర్మన్ దోంగ్సిక్ వారం ముందే వచ్చి, బజారంతా పంచడానికి తెల్ల కుడుములు పురమాయించి వెళ్ళాడు. ఒక్కో ముక్కలో ఒక్కో కాగితం జెండా గుచ్చి పంచుతారట. పురమాయించి ఊరుకున్నా బాగుండేది.

"ఆ రోజు నీ చేతి వంటే తినాలి మేము. నువ్వు ఏడుస్తూ వండితే ఉప్పు కూడా వెయ్యక్కర్లేదు" అని పదిమందిలో నవ్వి మరీ పోయాడు.

యోన్సిల్ జొల్లా ప్రాంతపు ఆడపిల్ల. సముద్రం ఒడ్డున మోక్పోలో పుట్టి, దేగు కుర్రాణ్ణి కట్టుకుని వచ్చింది. ఓట్ల దగ్గర జొల్లాకూ దేగుకూ ఏనాడూ పొసగలేదు. అందుకని ఆమె పాతికేళ్ళుగా బజారులో రాజకీయం ఊసెత్తలేదు. ఆ చలికాలం ఒక్క శనివారం మాత్రం, చుట్టాలింటికని చెప్పి వెళ్ళి, దేగు నడివీధిలోనే, అధ్యక్షురాలు దిగిపోవాలని కొవ్వొత్తులు పట్టుకున్న గుంపులో నిలబడి వచ్చింది. ఆ సంగతి జోంగ్మన్‌కు తప్ప ఎవరికీ తెలియదు. జోంగ్మన్ ఓటు అధ్యక్షురాలి పక్షానికే. అయినా పెళ్ళాం కొవ్వొత్తి సంగతి కడుపులోనే దాచుకున్నాడు.

ఎదురుగా నూడుల్స్ కొట్టు గప్సున్‌ది. యోన్సిల్ కంటే పదేళ్ళు పెద్ద. కొత్త కోడలుగా వచ్చినప్పుడు జొల్లాదాని చేతి కుడుము ఎవరు తింటారని బజారంతా మూతి తిప్పుకుంటే, ముందుగా కొని నలుగురి ముందూ నమిలింది గప్సునే. తన గిరాకీలకు బలవంతంగా రుచి చూపించింది. అప్పటి నుంచీ ఆమె యోన్సిల్‌కు అక్క. ఆ అక్క కొట్టు గోడ మీద అధ్యక్షురాలి తండ్రి ఫోటో ఉండేది. ఆయన కూడా ఒకప్పుడు దేశాన్ని ఏలినవాడే. ఉదయం కొట్టు తెరవగానే గప్సున్ ఆ ఫోటో అద్దం తుడిచి గాని పొయ్యి అంటించేది కాదు. యోన్సిల్ ఆ ఫోటో వంక చూడకుండా నూడుల్స్ తిని వచ్చేది. ఇద్దరి మధ్యా అదొక ఒప్పందంలా సాగిపోయింది.

ఆ చలికాలం గప్సున్ ప్రతి శనివారం సంఘం బస్సెక్కి సియోల్ వెళ్ళింది. అధ్యక్షురాలి కోసం జెండా పట్టుకుని రోజంతా అరిచి, గొంతు పోగొట్టుకుని తిరిగొచ్చేది. ఆమె భర్త బ్యోంగ్హో ఊపిరితిత్తులు చెడి ఆసుపత్రిలో ఉన్నాడు. శనివారాలు ఆయన పక్కన కూర్చునేది యోన్సిల్. జనవరిలో అలాంటి ఒక శనివారమే ఆయన పోయాడు. సియోల్ జనసముద్రంలో గప్సున్‌కు ఫోన్ మోత వినబడలేదు. ఆమె వచ్చేసరికి యోన్సిల్ చెప్పింది, బావ నిద్దట్లోనే వెళ్ళిపోయాడక్కా, బాధపడలేదని. గప్సున్ ఆ మాటను పట్టుకునే ఆ చలికాలం గడిపింది.

తీర్పు వేళకు వీధి వీధంతా గప్సున్ కొట్లో టీవీ ముందు చేరింది. వీధి మధ్య బల్లలు వేసి, కుడుముల మీద తెల్లగుడ్డ కప్పి, యోన్సిల్ గుమ్మం దగ్గర నిలబడింది. జడ్జి చదవడం మొదలుపెట్టింది. ఒకటి రెండు ఆరోపణలకు ఆధారాలు చాలవు అనేసరికి లోపల చప్పట్లు. దోంగ్సిక్ వెనక్కి తిరిగి, జెండాలు గుచ్చండి అని సైగ చేశాడు. ఇద్దరు ముగ్గురు వచ్చి గుడ్డ తీసి గుచ్చసాగారు. అంతలో జడ్జి "అయితే" అంది. ఆ మాట దగ్గర్నుంచి ఇక చప్పట్లు లేవు. జడ్జీలందరిదీ ఒకే మాట, అధ్యక్షురాలిని పదవి నుంచి తొలగిస్తున్నాం అన్నప్పుడు, మరుగుతున్న నూడుల్స్ నీళ్ళ చప్పుడు గుమ్మం దాకా వినిపించింది.

ఎవరో గ్లాసు విసిరారు. అది టీవీకి తగల్లేదు, గోడకు తగిలి పగిలింది. గప్సున్ బల్ల మీద తల పెట్టుకుని, మొగుడు పోయిన నాడు కూడా ఏడవనంత గట్టిగా ఏడ్చింది. యోన్సిల్ పెదవి కొరుక్కుని నేల చూపులు చూసింది. ఆమె గుండెలో ఉన్నది ముఖం మీదికి రాకూడదు. వస్తే ఆ వీధిలో బతకలేదు.

కాసేపటికి దోంగ్సిక్ బయటికి వచ్చి, గుచ్చిన జెండాలు ఒక్కొక్కటే పీకి జేబులో కుక్కుకున్నాడు. పక్కన గప్సున్, కళ్ళు వాచిపోయి, గోడ పట్టుకుని నిలబడి ఉంది. ఇవి ఏం చెయ్యమంటారని యోన్సిల్ అడిగింది. నిజంగా తెలియకే అడిగింది.

"కుక్కలకి వేసుకో. నా కంటికి కనపడనీయకు" అన్నాడు దోంగ్సిక్.

జోంగ్మన్ వచ్చి, లోపల పెట్టేద్దాం పద, ఇవాళ్టికి కొట్టు కట్టేద్దాం అన్నాడు. సరేనని ఉంటే కథ అక్కడితో పోయేది. కానీ తెల్ల కుడుము పొద్దు వాలేసరికి రాయవుతుంది. అన్నం పారెయ్యడమంటే యోన్సిల్‌కు చిన్నప్పటి ఆకలి గుర్తొస్తుంది. పారెయ్యనంది. అది సగం నిజం. మిగతా సగం పొద్దుటి నుంచీ ఆమె పెదవి వెనక నొక్కిపెట్టినది. ఆమె కత్తి తీసుకుని, వేడి వేడి ముక్కలు కోసి, దారిన పోయేవాళ్ళకు పంచడం మొదలుపెట్టింది. మూటలు మోసే ముసలాయనకు, బడి ఎగ్గొట్టి వచ్చిన ఆడపిల్లలకు, చేపల వీధి వాళ్ళకు. పంచుతోంటే చెయ్యి తేలికైంది. చెయ్యి తేలికయ్యేసరికి ముఖం కూడా అయింది. పసిపిల్లను ఎత్తుకున్న ఒకావిడ ఏం విశేషమమ్మా అని అడిగితే, యోన్సిల్ నవ్వి "ఇవాళ మంచి రోజు లెండి" అంది.

ఆ మాట ఎదుటి కొట్లోకి వెళ్ళడానికి ఎంతసేపు? గప్సున్ ఏప్రన్ విప్పకుండానే వచ్చింది. బల్ల అంచు రెండు చేతులా పట్టుకుని ఎత్తి తిరగేసింది. కుడుములు తడినేల మీద పడ్డాయి. వాటి మీద కాలు పెట్టి తొక్కింది.

"మంచి రోజా నీకు? ఈ వీధి ఉప్పు తిని, ఈ వీధి ఏడుస్తుంటే పప్పన్నం పెడతావా? జొల్లా బుద్ధి ఎక్కడికి పోతుంది. ఆ రోజు నీ కుడుము నోట్లో పెట్టుకున్నందుకు నా నోరు కాల్చుకోవాలి."

చుట్టూ జనం మూగారు. నీ అక్కే కదా, పోనీయ్ అన్నట్టు జోంగ్మన్ చెయ్యి పట్టుకున్నాడు. యోన్సిల్ విదిలించుకుంది. ఏళ్ళ తరబడి మింగినవన్నీ ఒక్కసారిగా బయటికి వచ్చాయి.

"నా కుడుములు తొక్కావు, సరే. ఎవరి కోసం తొక్కావు? నువ్వు బతికున్నావో లేదో కూడా తెలియని మనిషి కోసం. బావ ఆఖరి ఊపిరి పీలుస్తూ నీ పేరే పిలిచాడు. బస్సు వచ్చిందా, బస్సు వచ్చిందా అని నన్ను అడుగుతూనే పోయాడు. నువ్వేమో సియోల్‌లో జెండా ఊపుతున్నావు."

అన్నాక గానీ తెలియలేదు ఏం అన్నదో. గప్సున్ ముఖంలో రక్తం లేదు. వెనక్కి తిరిగి తన కొట్లోకి వెళ్ళి తలుపు వేసుకుంది. గుంపులో ఒకడు యోన్సిల్ కాళ్ళ దగ్గర ఉమ్మేసి వెళ్ళాడు. మిగతా వాళ్ళు ఆ మాత్రం కూడా చెయ్యకుండా, ఆమె అక్కడ లేనట్టే వెళ్ళిపోయారు.

మర్నాటి నుంచి బజారు ఆమె మీద పగబట్టింది. కొట్టు తలుపు మీద ఎర్ర రంగుతో "జొల్లాకి పో" అని రాశారు. తుడిస్తే మళ్ళీ రాశారు. పెళ్ళిళ్ళకూ పుట్టినరోజులకూ ఇచ్చిన పురమాయింపులు ఒకదాని వెంట ఒకటి రద్దయ్యాయి. పక్క కొట్టువాడు చెత్తబుట్ట తెచ్చి ఆమె గుమ్మం ముందు పెట్టేవాడు. అత్తగారు ఫోన్ చేసి, కొడుకును బజారులో తలెత్తుకోనివ్వకుండా చేశావని శాపనార్థాలు పెట్టింది. జోంగ్మన్ ఎప్పటిలాగే పిండి పట్టి ఇస్తున్నాడు, అన్నం తింటున్నాడు, పడుకుంటున్నాడు.

ఒక రోజు అన్నం దగ్గర ఆమే అడిగేసింది, నువ్వైనా తిట్టచ్చు కదా అని.

"మంచి రోజు అన్నందుకు కాదు నాకు కోపం. నీకు మంచి రోజే, అననీ. బ్యోంగ్హో అన్న సంగతి ఎందుకెత్తావు? అది నీది కాదు. దాచిపెట్టమని ఆయన నీ చేతిలో పెట్టి పోయిన మాట అది" అన్నాడు జోంగ్మన్, కంచంలోంచి తలెత్తకుండా.

మర్నాడు యోన్సిల్, గప్సున్ కొట్టు తెరిచే వేళకు వెళ్ళి గుమ్మంలో నిలబడింది. గప్సున్ ఫోటో అద్దం తుడుస్తోంది. తిరిగి చూడకుండానే, లోపలికి వస్తే మరుగుతున్న నీళ్ళు పోస్తానంది. యోన్సిల్ వెనక్కి వచ్చేసింది.

నెలాఖరులో సంఘం సమావేశం పెట్టారు. యోన్సిల్‌ను సంఘం నుంచి తీసెయ్యాలన్నది ఒక్కటే విషయం. సంఘంలో లేనివాళ్ళకు ఆ వీధిలో కొట్టు అద్దెకివ్వకూడదని కట్టుబాటు. అంటే తీసేస్తే మూటాముల్లె సర్దుకోవాల్సిందే. సంఘం మేడ మీది గది కిక్కిరిసింది. హీటరు వేడికి అందరి కోట్లూ వాసన వేస్తున్నాయి. యోన్సిల్‌కు కుర్చీ ఎవరూ చూపించలేదు. ఆమె గోడకు ఆనుకుని నిలబడింది. పక్కన జోంగ్మన్ కూడా నిలబడ్డాడు.

దోంగ్సిక్ లేచి నేరం చదివాడు. సంఘం పురమాయించిన కుడుములు సంఘం సొత్తు. వాటిని ఏం చెయ్యాలో తర్వాత చెబుతామని, అలాగే ఉంచమని తాను చెప్పినా, యోన్సిల్ వినకుండా, ఊరంతా దుఃఖంలో ఉన్న రోజున, కావాలని వేడుక చేసి పంచింది. ఇది దొంగతనమూ, ద్రోహమూ కూడా అన్నాడు. గదిలో ఔనౌనని గోల లేచింది. ఆవిరి మీదికి ఎక్కించి ఉడకబెట్టండి దాన్నే అని వెనక నుంచి ఒకడంటే నవ్వులు.

నువ్వేమంటావని అడిగారు. మంచి రోజు అన్న మాట అన్నానని యోన్సిల్ ఒప్పుకుంది. ఉంచమని మాత్రం చైర్మన్ గారు చెప్పలేదు, కుక్కలకు వేసుకోమన్నారు అంది. దోంగ్సిక్ నవ్వి, సభ వైపు తిరిగి, ఈమె నోటికి నిజమూ అబద్ధమూ తేడా తెలియదు, పోయినవాళ్ళ మీద కూడా కల్పించి చెప్పగలదని మొన్న మనమంతా విన్నాం కదా అన్నాడు. తర్వాత గప్సున్‌ను లేవమన్నాడు. ఆ సమయంలో తన పక్కనే ఉంది కనుక, ఆమె మాట చాలు అన్నాడు.

గప్సున్ లేచింది. ఆ మూడు వారాల్లో ఆమె చిక్కిపోయింది. యోన్సిల్ వైపు చూడలేదు.

"కుక్కలకి వేసుకో అన్నాడు. నా కంటికి కనపడనీయకు అన్నాడు. ఉంచమనలేదు" అంది.

దోంగ్సిక్ ముఖం మాడిపోయింది. ఆ గొడవలో నీకు సరిగా వినపడి ఉండదు అక్కా, గుర్తు తెచ్చుకో అన్నాడు. గదిలో ఎవరో, నీ మొగుడి పేరు వీధిలో పెట్టినదాన్ని వెనకేసుకొస్తావా అని అరిచారు.

"దీన్ని నేను వెనకేసుకురావడం లేదు. ఇది రేపే మూట కట్టుకుని పోతే నాకు కడుపు చల్లగా ఉంటుంది. కానీ ఆధారం లేకుండా ఆవిణ్ణి తీసేస్తున్నారని చలికాలమంతా గొంతు చించుకుని అరిచాను నేను. అరవడానికి పోయి నా మనిషి చివరి చూపు పోగొట్టుకున్నాను. ఇప్పుడు వచ్చి, జరగని మాట జరిగిందని చెప్పి ఒకదాన్ని తీసేయించనా? అయితే నేను అక్కడికి ఎందుకు పోయినట్టు?"

ఆమె కూర్చుంది. గోల చేసినవాళ్ళు కింద చూస్తున్నారు. ఓట్లు పెట్టారు. చేతులు లేచాయి గానీ, తీసెయ్యడానికి కావలసినన్ని లేవలేదు. చెయ్యెత్తినవాళ్ళలో గప్సున్ ఉంది. నిజం చెప్పడం వేరు, ఉండనివ్వాలనుకోవడం వేరు అన్నట్టు, ఆమె చెయ్యి అందరి కంటే పైకెత్తింది.

జనం దిగిపోయాక, కింద మెట్ల దగ్గర గప్సున్ ఆగి ఉంది. జోంగ్మన్‌ను ముందు పొమ్మని, యోన్సిల్ ఆమె దగ్గరకు వెళ్ళింది. క్షమించమని అనబోతే గప్సున్ చెయ్యి అడ్డం పెట్టింది.

"అది వద్దు నాకు. ఒక్కటి అడుగుతాను. నీ గురించి నేను నిజం చెప్పాను. నువ్వూ నిజం చెప్పు. ఆయన పిలిచాడా, పిలవలేదా?"

అబద్ధం చెప్పడానికి యోన్సిల్ నోరు తెరిచింది. కోపంలో కల్పించానక్కా అంటే సరిపోతుంది. దోంగ్సిక్ ఇందాక దారి కూడా వేసి పెట్టాడు. కానీ ఎదురుగా నిలబడ్డ మనిషి అప్పుడే మేడ మీద ఏం చేసి వచ్చిందో చూశాక ఆ మాట నాలుక మీదికి రాలేదు.

"పిలిచాడు. ముందు కేకలా పిలిచాడు. తర్వాత మెల్లిగా. నా చెయ్యి పట్టుకుని, నీదే అనుకున్నాడేమో, చేతులు ఎందుకింత చల్లగా ఉన్నాయి, చలిలో తిరగకు అన్నాడు. ఆ తర్వాత ఏమీ అనలేదు."

గప్సున్ విని, మెట్ల పక్కన గొట్టం పట్టుకుంది. ఏడవలేదు.

"ఇక నన్ను అక్కా అనకు" అంది. "ఈ వీధిలో ఉండు, ఉండగల్గితే. నా వైపు మాత్రం చూడకు."

మే నెలలో మళ్ళీ ఎన్నికలు జరిగాయి. యోన్సిల్ కోరుకున్నవాళ్ళే గెలిచారు. ఆ రోజు ఆమె ఎవరికీ ఏమీ పంచలేదు. గప్సున్ కొట్టు మూసి ఉంది. యోన్సిల్ తలుపు మీది ఎర్ర రాతలు క్రమంగా తగ్గాయి. కుడుములు కొనేవాళ్ళు కొందరు తిరిగొచ్చారు, కొందరు రానేలేదు. దోంగ్సిక్ తన కొట్టుకు కావలసిన కుడుములు వేరే బజారు నుంచి తెప్పించుకోవడం అలవాటు చేసుకున్నాడు. సంఘం బస్సు ఇప్పటికీ అప్పుడప్పుడు సియోల్ వెళుతుంది. ఇప్పుడు జైల్లో ఉన్న మాజీ అధ్యక్షురాలిని విడుదల చెయ్యాలని. గప్సున్ వెళ్ళడం మానలేదు. ఎందుకు మానాలి, ఆమె నమ్మింది అది.

జనవరిలో బ్యోంగ్హో సంవత్సరీకం వచ్చింది. ముందు రోజు ఒక కుర్రవాడు వేరే బజారు కొట్టు పేరున్న అట్టపెట్టెలు తెచ్చి గప్సున్ గుమ్మం దగ్గర దించాడు. యోన్సిల్ అవి సంవత్సరీకానికి పెట్టే కుడుములేనని చూడగానే తెలుసుకుంది. లోపలికి వచ్చి పొయ్యి మంట తగ్గించింది. జోంగ్మన్ మర ఆపి, ఏమైందని అడిగాడు. ఏమీ లేదు, పిండి పట్టు, వాన వచ్చేలా ఉంది, బియ్యం లోపలికి తియ్యాలి అంది.